పాప కాళ్లు మడతపడితే ఏమయింది?

"అక్కా, పాప కాళ్లు సీటుకు తగిలి మడత పడుతున్నయే. ఇగ పెద్ద సీటు తెచ్చి ముందుకు తిప్పేస్త. సరేనా?"

నాగర్‌కర్నూల్ నుంచి మా చెల్లెలి ఫోను. నాలుగు కథలు పత్రికల్లో అచ్చయ్యాయంటే చాలు, ఇంట్లోవాళ్ల దృష్టిలో మనం అన్నీ తెలిసినవాళ్లమైపోతాం. మామిడికాయ తొక్కులో ఉప్పెంత అన్న దగ్గర్నుంచి బ్యాంకు లోను కాగితాల దాకా నన్నే అడుగుతారు. తెలియదంటే నమ్మరు, చెప్పడం ఇష్టం లేదనుకుంటారు. అందుకని "ఉండవే, రేపు చెప్తా" అని ఫోను పెట్టేశాను. ఆ రేపు రావడానికి వారం పట్టింది. ఆ వారంలో తెలుసుకున్నదే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మా చెల్లెలి పాపకు పదకొండు నెలలు. పాప పుట్టాక మరిది పాత కారొకటి కొన్నాడు. హైదరాబాదులో వాళ్ల స్నేహితులెవరో తమ పిల్లాడికి వాడిన బుట్టలాంటి సీటు ఇచ్చారు. కారు వెనక సీటులో పెట్టి బెల్టుతో బిగిస్తే పాప ముఖం కారు వెనక అద్దం వైపు ఉంటుంది. మా అమ్మ దానికి 'కారు తొట్టెల' అని పేరు పెట్టింది. నెలకోసారి నాగర్‌కర్నూల్ నుంచి బిజినేపల్లి మీదుగా వనపర్తిలో మా ఇంటికొచ్చి, టీ తాగి, పెబ్బేరు, బీచుపల్లి, ఎర్రవల్లి చౌరస్తా దాటి గద్వాలలో అమ్మగారింటికి పోతారు. పాప ఆ తొట్టెలలోనే నిద్రపోతూ వస్తుంది.

ఇంత చక్కగా సాగుతున్న పనికి అడ్డం వచ్చినవి ఆ చిట్టి పాదాలు. అవి సీటు వీపుకు ఆనుతున్నాయి. చూసినవాళ్లందరూ తలా ఒక మాట. "పిల్ల కాళ్లు ముడుచుకపోతున్నయి", "పదకొండు నెలలొచ్చినంక ఇంకా చంటిపిల్లోలె ఎనక్కి కూసోబెడ్తరా", "బయటికి చూడాలని దానికి మాత్రం ఉండదా?" చివరి మాట మా చెల్లెలి అత్తగారిది. ఆమె అసలు మొదటి రోజే అడిగింది, "పిల్లను గిట్ల కట్టేసుడేంది? నా ఒళ్లె కూసుంటది గద!" అని.

ఆ ఒడి సంగతి ముందు చెప్పాలి నేను. సీటు మార్చే సంగతి తర్వాత.

2012లో మా అబ్బాయికి ఎనిమిది నెలలు. గద్వాల నుంచి వనపర్తికి అద్దెకారులో వస్తున్నాం. పిల్లతల్లి కదా, కాళ్లు చాపుకొని కూర్చుంటుందని నన్ను ముందు సీటులో కూర్చోబెట్టారు. మన దగ్గర అది మర్యాద. బాలింతకు, పిల్లతల్లికి ముందు సీటు. నా ఒళ్లో బాబు పాలు తాగి నిద్రపోయాడు. పెబ్బేరు దాటి వనపర్తి రోడ్డు ఎక్కాక ముందు పోతున్న ట్రాక్టరు ఎందుకో ఆగింది. మా డ్రైవరు బ్రేకు వేశాడు, బండి చాలా నెమ్మదించింది కూడా. అయినా పోయి ట్రాలీకి తగిలింది. పెద్ద యాక్సిడెంటేమీ కాదు. బంపరు వంగింది, లైటు పగిలింది, అంతే. పెద్దవాళ్లలో ఎవరికీ గీత కూడా పడలేదు. నా రెండు చేతుల్లో ఉన్న బాబు మాత్రం నా చేతుల్లో లేడు. వాడి నుదురు ముందున్న డ్యాష్‌బోర్డుకు కొట్టుకుంది. ఎడమ కనుబొమ్మ పైన నాలుగు కుట్లు పడ్డాయి.

అదృష్టం, అంతటితో పోయింది. ఇప్పుడు వాడికి పదమూడేళ్లు, మచ్చ సన్నటి గీతలా మిగిలింది. కానీ ఆ రోజు ఆసుపత్రి వరండాలో చుట్టాలావిడ ఒకామె అన్న మాట నాకు కుట్లు లేకుండా అలాగే ఉండిపోయింది. "పిల్లను పట్టుకునుడు గూడ రాకపాయె." ఇంటికెళ్లాక దిష్టి తీశారు. ఆ తర్వాత మేం ఏ కారు మాట్లాడుకున్నా నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడా లేదా అని చూసేవాళ్లు. పిల్లాణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలి అన్న ప్రశ్న మాత్రం ఎవరికీ రాలేదు. నాకూ రాలేదు. నా చేతులదే తప్పు అనుకున్నాను. నిద్రలో పట్టు సడలించానేమో అని రాత్రిళ్లు లేచి కూర్చున్న రోజులున్నాయి. నిజానికి నేను నిద్రపోలేదు. ట్రాక్టరును నేనూ చూశాను, పిల్లాణ్ణి గట్టిగా అదుముకున్నాను కూడా. అయినా...

చెల్లెలి ఫోను వచ్చిన రోజు రాత్రి మా వారిని అడిగాను. ఆయన జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. పాలవాడి లెక్కల పుస్తకం వెనక పేజీలో పెన్సిలుతో లెక్క వేశారు. గంటకు 50 కిలోమీటర్లు అంటే సెకనుకు సుమారు 14 మీటర్లు. కారు దేన్నైనా గుద్దుకొని ఆగిపోవడానికి పట్టేది సెకనులో ఇరవయ్యో వంతు అనుకుందాం. ఆ వేగం అంత తక్కువ సమయంలో సున్నా కావాలంటే పడే బలం మనిషి బరువుకు దాదాపు 28 రెట్లు. పది కిలోల బిడ్డ ఆ క్షణంలో 280 కిలోల బరువు. యాభై కిలోల బియ్యం బస్తాలు అయిదు, ఆ పైన ఇంకో అరబస్తా. ఎవరి చేతులు ఆపుతాయి చెప్పండి?

"మరి మనది?" అన్నాను. ఆయన ఒక్క నిమిషం నా వంక చూసి మళ్లీ పెన్సిలు తీశారు. తగిలేటప్పటికి బండి వేగం ఇరవై ఉంటుందేమో. బలం పదకొండు రెట్లు. ఎనిమిది కిలోల పిల్లాడు. దాదాపు తొంభై కిలోలు. తొంభై కిలోల మనిషి మీదకు దూకితే పట్టుకోలేకపోయానని పదమూడేళ్లు నన్ను నేను తిట్టుకున్నానన్నమాట. ఈ లెక్క ఇంటర్ పిల్లలకు ఏటా చెప్పే మనిషి నా పక్కనే ఉండి నాకెందుకు చెప్పలేదో! ఆయన్ని అడిగితే, "నువ్వు అడగలేదు కదా" అన్నారు. మగవాళ్ల సమాధానాలు ఇలాగే ఉంటాయి.

కాబట్టి ఒడి గురించి నా మాట ఇది. తల్లి ఒడి ఇంట్లో, అరుగు మీద, తొట్టెల పక్కన. పోతున్న కారులో అది ఒడి కాదు. అసలు ఇది మన దగ్గరే ఉన్న పిచ్చి ప్రేమ కూడా కాదు. చంటిపిల్లలను కారులో సీటులోనే కూర్చోబెట్టాలని అమెరికాలో మొట్టమొదట చట్టం చేసిన రాష్ట్రం టెన్నెసీ. రాబర్ట్ శాండర్స్ అనే పిల్లల డాక్టరు పట్టుబట్టి తెచ్చిన చట్టం, 1978లో అమల్లోకి వచ్చింది. అయితే అందులో ఒక మినహాయింపు పెట్టారు: తల్లి ఒళ్లో ఉంటే ఫర్వాలేదని! ఒడి అంటే అక్కడా అంత నమ్మకం. ఆ ఒక్క మాటను చట్టంలోంచి తీసేయించడానికి ఆయనకు 1981 దాకా పట్టింది. అమెరికాలో శాసనసభే తడబడితే మా చెల్లెలి అత్తగారిని ఏమని అంటాం!

మరో పొరపాటు కూడా చెప్పాలి. బిడ్డను ఒళ్లో పెట్టుకొని ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు కట్టుకుంటారు కొందరు. అది ఒట్టి ఒడికన్నా అన్యాయం. బండి ఆగినప్పుడు తల్లి బరువంతా బెల్టుకూ తనకూ మధ్యనున్న బిడ్డ మీద పడుతుంది. చున్నీతో, కొంగుతో కడుపుకు కట్టుకున్నా అంతే.

ఇక పాప కాళ్ల సంగతి.

వెనక్కి చూస్తూ కూర్చోబెట్టడం ఎందుకు? మన జొన్నచేలో చూడండి, లేత దంటు మీద బరువైన కంకి ఉన్నప్పుడు గాలి వస్తే దంటు ఎక్కడ విరుగుతుంది? మెడ దగ్గరే. చంటిపిల్ల ఒంటి పొడుగులో నాలుగో వంతు తలే. ఆ తల బరువు మోసే మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు, కొంత మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి. ముందుకు చూసే సీటులో ఉన్నప్పుడు కారు గుద్దుకుంటే పట్టీలు ఒంటిని ఆపుతాయి, తల మాత్రం ముందుకు విసురుగా పోతుంది. భారమంతా మెడ మీద. అదే వెనక్కి చూసే సీటులో ఉంటే తల, మెడ, వీపు మూడూ ఒకేసారి సీటు వీపులోకి అదుముకుంటాయి. దెబ్బ ఒక్కచోట పడకుండా వీపంతా పరుచుకుంటుంది. ఈ ఆలోచన 1960లలో స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ఆయనకు వచ్చింది. రాకెట్లో పోయే వ్యోమగాములు వెల్లకిలా ఎందుకు పడుకుంటారో చూసి, పిల్లలకు అలాంటి సీటు చేసి 1964లో వోల్వో కారులో పరీక్షించారు. అరవై ఏళ్ల నాటి మాట. మన పెబ్బేరు రోడ్డుకు ఇంకా రాలేదు, అంతే.

మరి సీటు ఎప్పుడు మార్చాలి? నేను అనుకున్నదేమిటంటే, పుట్టినరోజు వెళ్లగానే మార్చడమని. చాలామంది అలాగే చేస్తారట. పొరపాటు. వయసు చూడకూడదు, కాళ్లు చూడకూడదు. బరువు చూడాలి, తల చూడాలి, భుజం చూడాలి.

బరువు సంగతి సీటు మీద అంటించిన చీటీలోనే ఉంటుంది. మా చెల్లెలి బుట్ట సీటు 13 కిలోల దాకా. మన దగ్గర దొరికే చాలా బుట్టసీట్లు అలాంటివే. దాని తర్వాతి పెద్ద సీటు చీటీ మీద '9 నుంచి 18 కిలోలు' అని ఉంటుంది. చిక్కంతా ఈ తొమ్మిదీ పదమూడూ మధ్యలోనే. పిల్ల తొమ్మిది కిలోలు కాగానే 'ఇగ పెద్ద సీటు వచ్చేసింది' అని సంబరపడి ముందుకు తిప్పేస్తారు. తొమ్మిది అంటే తిప్పాల్సిన గీత కాదు, అంతకంటే ముందు తిప్పనే కూడదు అన్న గీత. పదమూడు దాకా చిన్న సీటులో హక్కుంది పిల్లకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం ఏడాది ఆడపిల్ల సగటు బరువు 8.9 కిలోలు, మగపిల్లాడిది 9.6 కిలోలు. మన పిల్లలు చాలామంది అంతకన్నా తక్కువే తూగుతారు. అంగన్‌వాడీలో తూకం వేయించిన కార్డు తీసి చూస్తే మా పాప 8 కిలోల 400 గ్రాములు. ఇంకా ఎంత దూరం ఉందో చూడండి.

తల సంగతి ఇది. బుట్ట సీటులో పిల్లను వీపు ఆనించి కూర్చోబెట్టి, నడినెత్తి మీద ఒక పుస్తకం అడ్డంగా పెట్టి చూడండి. సీటు పై అంచుకు నడినెత్తి ఇంకా ఒక అంగుళమైనా కింద ఉండాలి. తల ఆ అంచును అందుకుంటోంది అంటే పిల్ల బరువు ఎంతున్నా సరే, ఆ సీటు చాలదు, మార్చే వేళ వచ్చింది. పొడుగ్గా సాగే పిల్లలకు బరువుకన్నా ముందు తల వేళే వస్తుంది. భుజం సంగతి ఏమిటంటే, వెనక్కి చూసే సీటులో పట్టీలు పిల్ల భుజాలకు సమానంగా గానీ కాస్త కింది నుంచి గానీ రావాలి. ముందుకు చూసే సీటులో అయితే భుజాలకు సమానంగా గానీ కాస్త పై నుంచి గానీ. పట్టీలను అన్నిటికన్నా పై చీలికలోకి మార్చినా పిల్ల భుజాలు వాటిని దాటిపోయి, ఇంకా ముందుకు తిప్పే వయసు రాకపోతే, వెనక్కి చూసేదే, పెద్దది తెచ్చుకోవాలి.

అవును, పెద్ద సీటు అంటే ముందుకు తిప్పడం కాదు! ఇదే మా చెల్లెలికి చెప్పాల్సిన అసలు మాట. ఈ రెండు పనులూ ఒకటే అనుకుంటాం మనం. రెండు వైపులా పెట్టుకునే సీట్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. పిల్ల బుట్టలో పట్టనప్పుడు ఆ పెద్ద సీటు తెచ్చి, దాన్నీ వెనక్కి చూసేట్టే బిగించాలి. ఎంత కాలం? యూరప్‌లో 2013లో వచ్చిన కొత్త నియమం ప్రకారం తక్కువలో తక్కువ 15 నెలలు నిండేదాకా. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2011లో రెండేళ్లు అంది, 2018లో ఆ వయసు లెక్క కూడా తీసేసి, సీటు చీటీ మీదున్న బరువు, ఎత్తు హద్దు దాటేదాకా ఎంతకాలం వీలైతే అంతకాలం అంది. ఏ సీటు ఎన్ని కిలోల దాకా వెనక్కి పెట్టుకోవచ్చో దాని పుస్తకంలోనే ఉంటుంది. పుస్తకం పారేయకండి. మిక్సీ గ్యారంటీ కార్డు దాచుకుంటాం కదా, దాని పక్కనే దీన్నీ పెట్టండి.

కాళ్లు? మన పిల్లలు నేల మీద సక్లం ముక్లం పెట్టుకొని గంటలు గంటలు కూర్చుంటారు. కాలి బొటనవేలు నోట్లో పెట్టుకునే వయసు అది. వాళ్లకు కాళ్లు మడవడం మనకు మల్లే కష్టం కాదు. మడతపడిన కాలు చూసి మనకు నొప్పి పుడుతుంది, పిల్లకు కాదు.

మన తొట్టెల సంగతే ఆలోచించండి. మొదటి కాన్పుకు తొట్టెల పుట్టింటివాళ్లే తెస్తారు. బంతిపూలు కట్టి, పేరు పెట్టి పిల్లను పడుకోబెడతాం. ఆ తొట్టెలలోంచి పిల్లను ఎప్పుడు తీస్తామో ఏ పుస్తకమూ చూడం. అంచు పట్టుకొని లేచి నిలబడబోతే ఆ రోజే తీసేస్తుంది అవ్వ. ఎవరి పిల్ల ఏ నెలలో లేస్తుందో ఆ నెలలోనే. పక్కింటి పిల్ల ఎప్పుడు లేచిందని అడగదు. అంత తెలివి మనకు ముందే ఉంది. కారు దగ్గరికొచ్చేసరికే 'ఫలానావాళ్ల పిల్ల ఏడాదికే ముందుకు కూర్చుంది' అని పోటీ మొదలవుతుంది.

మా చెల్లెలికి చెప్పిన చిన్న చిన్న సంగతులు ఇంకొన్ని ఉన్నాయి. పట్టీలు బిగించాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో చిటికెలో పట్టబోతే దొరక్కూడదు. దొరికితే వదులన్నట్టు. పొత్తిగుడ్డల్లో చుట్టిన పిల్లను, మందపాటి స్వెట్టరు వేసిన పిల్లను సీటులో పెడితే పట్టీ గుడ్డను బిగిస్తుంది గానీ పిల్లను కాదు. ముందు పట్టీలు, ఆ తర్వాత పైన దుప్పటి. నెలల పిల్ల గడ్డం ఛాతీకి ఆనేంతగా తల ముందుకు వాలితే ఊపిరికి ఇబ్బంది. సీటు వాలు పుస్తకంలో చెప్పినట్టు సరిచూసుకోవాలి, మధ్యలో బండి ఆపి పిల్లను బయటికి తీసి వీపు నిమరాలి. ఇంటికొచ్చాక కూడా నిద్రపోతోంది కదా అని బుట్టలోనే వదిలేయకండి. వెనక్కి చూసే సీటును కారు ముందు సీటులో, ఎదురుగా ఎయిర్‌బ్యాగు ఉన్నచోట పెట్టనే కూడదు. అది పేలిందంటే బుట్ట వీపును గుద్దుతుంది. ఇప్పుడొచ్చే కార్లలో ముందు రెండు సీట్లకూ ఎయిర్‌బ్యాగులు ఉంటున్నాయి. మన మర్యాద సీటు ఇక పిల్లతల్లికి పనికిరాదన్నమాట. మన పాలమూరు ఎండలు తెలిసినవే. ఏప్రిల్‌లో కారు ఎండలో నిలబెడితే సీటు లోహపు కొక్కేలు అట్లకాడలా కాలతాయి. దాని మీద తెల్ల గుడ్డ కప్పి ఉంచాలి, చేత్తో తాకి చూశాకే పిల్లను కూర్చోబెట్టాలి. అయిదు నిమిషాల పనే కదా అని పిల్లను మూసిన కారులో వదిలి అంగడికి పోవడం మాత్రం, అద్దం దించినా సరే, వద్దు.

వాడిన సీటు ఎవరైనా ఇస్తే? తీసుకోవచ్చు, కానీ ఇచ్చినవాళ్లను నిక్కచ్చిగా అడగాలి. ఇది ఎప్పుడైనా ప్రమాదంలో ఉందా? ఎన్నేళ్లదైంది? పుస్తకం, పట్టీలు అన్నీ ఉన్నాయా? ప్రమాదం చూసిన సీటు పైకి బాగున్నా లోపల పగిలి ఉండొచ్చు. ప్లాస్టిక్‌కూ వయసుంటుంది, చాలా సీట్ల కిందో వెనకో గడువు తేదీ గానీ తయారైన తేదీ గానీ అచ్చుపోసి ఉంటుంది. ఇలా అడగడానికి మొహమాటపడ్డ మా చెల్లెలి బదులు నేనే ఫోను చేసి అడిగాను. ఆవిడేమీ అనుకోలేదు. కొత్తది కొనేవాళ్లు మన దేశపు ఏఐఎస్ 072 గానీ యూరప్ ఆర్ 44, ఆర్ 129 గానీ ముద్ర ఉందో లేదో చూడాలి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే, కుర్చీకి కట్టే గుడ్డపట్టీల లాంటివి సీట్లు కావు. ఇంకొకటి, కొనేముందు మీ కారులో పెట్టి చూడండి. కొన్ని చిన్న కార్ల వెనక బెల్టు సీటు చుట్టూ తిరిగి వచ్చేంత పొడుగుండదు. మా మరిది కొన్న పెద్ద సీటు మొదటిది అలా చాలకే తిరిగి పంపాడు. బిగించాక సీటును పట్టుకొని ఊపితే అంగుళానికి మించి కదలకూడదు.

ఖర్చు మాట వస్తుంది. నిజమే, వేలల్లోనే. కానీ మంచి గద్వాల పట్టుచీర ధరకన్నా తక్కువకు మంచి సీటు వస్తోంది. గద్వాల ఆడపడుచును, చీరను తక్కువ చేసి మాట్లాడను. ఇరవై ఒకటో రోజు పురుడు ఫంక్షనుకు వచ్చే వెండి గిన్నెలు, గిలకలు, ఎవరికీ సరిపోని గౌన్లు లెక్కపెడితే, మేనత్తలూ పిన్నమ్మలూ కలిసి ఒక సీటు తేవడం కష్టం కాదనే అంటున్నా. తొట్టెల తెచ్చే పుట్టింటివాళ్లే కారు తొట్టెల కూడా తేవాలని కొత్త ఆనవాయితీ పెట్టి ఆడపిల్ల తల్లిదండ్రుల మీద ఇంకో భారం వేయమని మాత్రం నా ఉద్దేశం కాదు. కారు కొన్న తండ్రి కొనాలి దీన్ని. బిగించడం కూడా ఆయనే నేర్చుకోవాలి. స్టెప్నీ మార్చడం వచ్చిన చేతులకు ఇది రాకపోదు.

చట్టం లేదా అంటే, ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 194బి అని కొత్త సెక్షను చేర్చారు. పద్నాలుగేళ్లలోపు పిల్లలను బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా తీసుకుపోతే వెయ్యి రూపాయల జరిమానా. మేం మూడు ఊళ్ల మధ్య ఇన్నేళ్లుగా తిరుగుతున్నాం, పిల్ల ఎక్కడ కూర్చుందని ఏ చౌరస్తాలోనూ మమ్మల్ని ఎవరూ అడగలేదు. పెద్దవాళ్లకే వెనక సీటులో బెల్టు పెట్టుకునే అలవాటు లేదు. 2022 సెప్టెంబరులో సైరస్ మిస్త్రీ అంతటి ఆయన వెనక సీటులో బెల్టు లేకుండా కూర్చొని ప్రమాదంలో పోయాక నాలుగు రోజులు అందరం మాట్లాడుకున్నాం. అయిదో రోజు మరిచిపోయాం.

ఇదంతా కారున్నవాళ్ల కథ కదా, మా సంగతేమిటి అని మీలో చాలామంది అనుకుంటూ ఉంటారు. నేనూ మొన్నమొన్నటి దాకా బండి మీద పోయినదాన్నే. మన మూడు జిల్లాల్లో చంటిపిల్లలు ఎక్కువగా తిరిగేది కారులో కాదు, మోటారు సైకిలు మీద. పెట్రోలు ట్యాంకు మీద ఒకరు, మధ్యలో ఒకరు, వెనక తల్లి ఒళ్లో ఒకరు. బండి మీదకు తొట్టెల రాదు. కేంద్రం 2022 ఫిబ్రవరిలో ఒక నియమం తెచ్చింది. నాలుగేళ్ల లోపు పిల్లలను బండి మీద తీసుకుపోతే నడిపేవారికి కట్టి ఉండే పట్టీల జాకెట్టు వేయాలి, తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లకైతే సరిపడే హెల్మెట్ కూడా పెట్టాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. ఏడాది గడువిచ్చి 2023 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చేట్టు చెప్పారు. నాలుగేళ్లు దాటితే పెద్దవాళ్లలాగే హెల్మెట్. ఈ నియమంలోని 'తొమ్మిది నెలలు' అన్న మాటలోనే ఇంకో మాట ఉంది: అంతకన్నా చిన్న పిల్లకు సరిపడే హెల్మెట్టూ లేదు, దాన్ని మోసే మెడా లేదు. నెలల పిల్లను టీకాకు తీసుకుపోవాలన్నా బండి మీద కాకుండా బస్సో ఆటోనో చూసుకోవడమే మేలు. బస్సులోనూ, ముందు అద్దం పక్కనా తలుపు మెట్ల దగ్గరా కాకుండా మధ్య వరసలో, ముందు సీటు వీపు ఎదురుగా ఉండేచోట కూర్చోవాలి. ఆటోలో అంచున కాదు, మధ్యలో.

పెళ్లిళ్లకు మాట్లాడుకునే తుఫాన్ బండ్ల సంగతి వేరే చెప్పాలి. వెనక ఎదురెదురు బల్లలు, పదిహేను మంది, వాళ్ల ఒళ్లల్లో పిల్లలు. బండి మాట్లాడేటప్పుడు ఏసీ ఉందా, పాటలున్నాయా అని అడుగుతాం. పిల్లలున్నారు, బెల్టులున్న బండి పంపు అని ఒక్కసారి అడిగి చూడండి. నేను పోయిన మాఘమాసంలో అడిగాను. అవతలివాడు "మేడం, ఇప్పటిదాక ఎవ్వరడగలె" అన్నాడు. కానీ పంపాడు.

మా చెల్లెలి అత్తగారిని ఒప్పించిన సంగతి చెప్పి ముగిస్తాను. ఫిజిక్స్ లెక్క ఆమె దగ్గర పారలేదు. "గవన్ని కాయితాల మీద" అంది. నేను మా అబ్బాయిని పిలిచి ఆమె ముందు కూర్చోబెట్టి కనుబొమ్మ మీది జుట్టు పక్కకు తీసి చూపించాను. ఆ మచ్చ ఎలా వచ్చిందో మొదటిసారి పూర్తిగా చెప్పాను. 'చేతిలోంచి జారాడు' అని ఇన్నాళ్లూ చెప్పిన మాట కాకుండా, జరిగింది జరిగినట్టు. మావాడు కూడా మొదటిసారే విన్నాడు. "నేను జారలేదా అమ్మా?" అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. తిరుగు ప్రయాణంలో మాత్రం తనే ముందు ఎక్కి, బుట్ట పక్కన కూర్చొని, పాప పాదం ఒక చేత్తో పట్టుకుంది. బిజినేపల్లి దాకా వదల్లేదట.

నిన్న చెల్లెలు మళ్లీ ఫోను చేసింది. పాప 8 కిలోల 700. తల పైన పుస్తకం పెట్టి చూస్తే ఇంకా అంగుళంన్నర ఉందట. రెండోసారి తెచ్చిన పెద్ద సీటు అట్టపెట్టెలో, మంచం కింద ఉంది.